నూట ముప్పై కోట్ల ఏళ్ళ పెండింగ్

మా సంస్థలో ఒక్క పెండింగ్ ఫైలు కూడా మిగలకూడదని డైరెక్టర్ గారు ప్రకటించిన మూడో రోజున ఒక నక్షత్రం పేలింది. ఇందులో నక్షత్రం తప్పేమీ లేదు. సర్క్యులర్ దాని దాకా వెళ్ళలేదు.

మాది రాయలసీమలో పాలపిట్టగుట్ట మీద ఉన్న ఖగోళ పరిశోధనా సంస్థ. గుట్ట పైన రెండు మీటర్ల అద్దమున్న టెలిస్కోపు ఉంటుంది, గుట్ట కింద పరిపాలనా భవనం ఉంటుంది. పైన పనిచేసేవాళ్ళం పదకొండు మందిమి. కింద పనిచేసేవారు అరవై నలుగురు. పైవాళ్ళలో నేను చివరిదాన్ని. పేరు వన్నూరమ్మ. పరిశోధక విద్యార్థిని, ఐదో సంవత్సరం.

నా పని గురించి మా ఊళ్ళో ఎలా చెప్పానో ఇక్కడా అలాగే చెబుతాను. సూర్యుడికి పాతిక ముప్పై రెట్లు బరువైన నక్షత్రం ఒక్కోసారి పోతూ పోతూ గామా కిరణాలను ఒక్క ఉదుటున చిమ్ముతుంది. అరనిమిషమో నిమిషమో, అంతే. ఉపగ్రహం దాన్ని పట్టుకుని అందరికీ కబురు చేస్తుంది. ఆ వెలుగు రోజురోజుకీ తగ్గిపోతుంది. కానీ సుమారు రెండు వారాలకు, అదే చోట, ఇంకో వెలుగు మెల్లగా పెరిగి, కొన్నాళ్ళుండి ఆరిపోతుంది. అది సూపర్‌నోవా, అంటే నక్షత్రం ఒళ్ళంతా బద్దలైన వెలుగు. ఉత్త చుక్కను చూస్తే అదేమిటో తెలియదు. ఆ వెలుగును రంగులుగా విడదీసి, ఏ రంగు ఎంతుందో గీత గీస్తే, గీతలో వెడల్పాటి మూపురాలు కనిపిస్తాయి. ఆ గీతనే వర్ణపటం అంటాం. మూపురాలుంటే నక్షత్రం బద్దలైనట్టు రుజువు. లేకపోతే అది మన ఊహ.

నాకు కావలసింది అలాంటి గీత ఒక్కటి. నాలుగు అధ్యాయాలు రాసి, ఐదోది ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. ఐదేళ్ళలో మా టెలిస్కోపుకు అందేంత దగ్గర్లో రెండు పేలాయి. మొదటిదానికి వానాకాలం అడ్డొచ్చింది. రెండోసారి వర్ణపటం తీసే యంత్రం మరమ్మతులో ఉంది. మూడోది ఇది. డిసెంబరు ముప్పై ఒకటితో నా గడువు అయిపోతుంది. ఇది కూడా పోతే డిగ్రీ లేకుండా ఊరికి వెళ్ళాలి. ఐదేళ్ళు ఏం చేశావని అడిగినవాళ్ళకు ఆకాశం వైపు చూశానని చెప్పుకోవాలి.

ఉపగ్రహం కబురు ఉదయం పదిన్నరకు వచ్చింది. మరునాటికి ఎక్కడో పెద్ద టెలిస్కోపు వాళ్ళు దూరం కొలిచారు. ఆ కాంతి మన దాకా రావడానికి నూట ముప్పై కోట్ల సంవత్సరాలు పట్టింది. మా లెక్కలో అది పక్కవీధి.

ముందే ఒప్పుకున్న జాబితాలో లేనిది ఏది చూడాలన్నా ఇన్వర్డ్ సెక్షన్‌లో దరఖాస్తు ఇవ్వాలి. దరఖాస్తులో 'సంఘటన జరిగిన తేదీ' అని ఒక గడి ఉంది. మా ఊరి జిల్లా పరిషత్ బడిలో లెక్కల అయ్యవారు గడిలో తోచింది రాస్తే ఊరుకునేవారు కాదు. అందుకని నిజమే రాశాను. 'సుమారు నూట ముప్పై కోట్ల సంవత్సరాల క్రితం.' నేను చేసిన మొదటి తప్పు ఇది.

ఇన్వర్డ్ సెక్షన్‌లో సుంకులమ్మక్క ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉంది.

"ఏం మ్మే, ఇది సరిగ్గానే రాసినావా?"

"సరిగ్గానే అక్కా."

"నూట ముప్పై ఏండ్లా, కోట్లా?"

"కోట్లు."

అక్క కళ్ళద్దాలు తీసి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "మా మామ కాగితం ముప్పై ఏండ్లుగా తాసిల్దారాఫీసులో తిరుగుతాండాదని ఒకటే ఏడుపు. ఇది సూపిస్తే ఆయప్పకు రోంత నిమ్మళమైతాది," అని కంప్యూటర్లో ఎక్కించింది.

జీరో పెండింగ్ పక్షోత్సవాల సందర్భంగా భవనం గుమ్మం దగ్గర ఒక ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టారు. సంస్థలో ఫైళ్ళు సగటున ఎన్ని రోజులుగా పెండింగ్‌లో ఉన్నాయో అది ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. ఆ ఉదయం 'రెండు' అని చూపించింది. సుంకులమ్మక్క నా దరఖాస్తు ఎక్కించిన నిమిషానికి బోర్డు ఆరిపోయింది. మళ్ళీ వెలిగినప్పుడు ఉన్న గళ్ళన్నిటిలో తొమ్మిదులు చూపించి అలాగే ఉండిపోయింది. ఆ సమయంలో డైరెక్టర్ గారు బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు.

పది నిమిషాల్లో పరిపాలనాధికారి పరాంకుశం గారు నన్ను పిలిపించారు. ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడినా కాగితం చదివి వినిపిస్తున్నట్టే ఉంటుంది.

"తమరు సమర్పించిన దరఖాస్తు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది," అన్నారు. గదిలో ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. "సంఘటన జరిగి నూట ముప్పై కోట్ల సంవత్సరాలైనదని తమరే రాశారు. రెండో పేజీలో 'అత్యవసరం' అని కూడా తమరే రాశారు. రెండింటిలో ఏది వాస్తవం?"

"రెండూనండి. జరిగింది అప్పుడు. కబురు అందింది మొన్న."

"మధ్యకాలంలో కబురు ఎక్కడున్నది?"

"దారిలోనండి."

"దారిలో ఏ స్థాయిలో నిలిచిపోయినది?"

"ఎక్కడా నిలవలేదండి. నేరుగా వచ్చింది."

"నేరుగా వచ్చినదానికి ఇంత జాప్యమా! ఎవరి ద్వారా పంపారు?"

"కాంతి ద్వారా. అంతకన్నా వేగంగా వచ్చేది ఇంకోటి లేదండి."

ఆయన 'రవాణా సాధనం: కాంతి. స్పీడ్ పోస్టు కాదు' అని రాసుకున్నారు.

"జాప్యానికి బాధ్యులు?"

"ఎవరూ లేరండి. దూరమే కారణం."

"బాధ్యులు లేని జాప్యం నిబంధనల్లో లేదమ్మా."

"ఆ కాలంలో భూమ్మీద మనుషులే లేరండి. కంటికి కనిపించనంత చిన్న జీవులు తప్ప."

"అనగా సిబ్బంది కొరత," అని ఆయన మొదటిసారి తృప్తిగా తలూపారు. బల్ల సొరుగులోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టారు. జాప్యాన్ని మన్నించమని కోరే ఫారం అది. ఎన్ని రోజుల జాప్యమో రాయడానికి నాలుగు గళ్ళున్నాయి.

"నాలుగు గళ్ళలో పట్టదండి."

"పట్టదు. కావున ఒక్కో ఫారానికి తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రోజుల చొప్పున విడివిడిగా సమర్పించగలరు. ప్రతిదీ మూడు ప్రతులు."

సుంకులమ్మక్క కాలిక్యులేటర్ మీద రెండుసార్లు లెక్క వేసింది. "నాలుగు కోట్ల డెబ్బై ఐదు లచ్చల ఫారాలైతాయి మ్మే. మూడు కాపీలంటే పద్నాలుగు కోట్లు దాటుతాది. మన జిరాక్సు మిషను చూస్తే నూరు కాయితాలకోసారి నమిలేసి కూసుంటాది."

నేను మొదలుపెట్టాను. సాయంత్రానికి పద్దెనిమిది ఫారాలు నింపి, నాలుగు వందల తొంభై రెండేళ్ళ జాప్యానికి మన్నింపు కోరాను. ఇదే వేగంతో వెళితే మిగిలినవి ఎప్పటికవుతాయో లెక్క వేయబోయి, వద్దనుకుని పడుకున్నాను.

నక్షత్రం పేలిన ఆరో రోజున డైరెక్టర్ గారు అందరినీ సమావేశపరిచారు. ఆయనా ఖగోళ శాస్త్రవేత్తే. టెలిస్కోపు దగ్గరికి చివరిసారి వచ్చి పదకొండేళ్ళయింది.

"మిత్రులారా, పెండింగ్ అన్నది ఫైల్లో ఉండదు, మనసులో ఉంటుంది," అని మొదలుపెట్టారు. "ఒక్క దరఖాస్తు వల్ల, దేశంలోని కార్యాలయాలన్నిటిలోకీ పాత ఫైలున్న కార్యాలయం అనే పేరు మనకు వచ్చేలా ఉంది. తనిఖీ బృందం రావడానికి పదకొండు రోజులుంది." పక్షోత్సవాలు నిజానికి పదిహేను రోజులే. ఆ పదిహేను రోజుల్లో పూర్తయ్యేలా లేవని ముందే ఐదు రోజులు పొడిగించారు. "ఒక విషయం చెప్పండి. ఈ అమ్మాయి చూస్తానంటున్నది ఒక్కటేనా ఇంత పాతది? మనవాళ్ళు చూసేవాటిలో ఇంకా ఉన్నాయా?"

శాస్త్రవేత్తలందరూ బల్ల మీద ఉన్న బిస్కెట్ల వైపు చూశారు. అడిగితే చెప్పకుండా ఉండడం నాకు రాదు.

"అన్నీ పాతవేనండి. అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం కూడా నాలుగేళ్ళ పైమాటే. గెలాక్సీలైతే లక్షలూ కోట్లూ."

ఇది నా రెండో తప్పు.

"అంటే ఇన్ని దశాబ్దాలుగా ఈ సంస్థ పాత కేసులే చూస్తోందా?" అన్నారు డైరెక్టర్ గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. తొంభై రోజులకు మించి పెండింగ్‌లో ఉన్న ఖగోళ వస్తువులను ఇకపై పరిశీలనకు స్వీకరించరాదు. తొంభై రోజుల్లో కాంతి మనకు చేరేంత దగ్గర్లో ఉన్నవి సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు, కొన్ని తోకచుక్కలు. సూర్యుడి వైపు తిప్పితే టెలిస్కోపు కాలిపోతుంది. తోకచుక్కలకు ముందస్తు అపాయింట్‌మెంట్ లేదు.

మా గైడు గారు ముప్పై ఏళ్ళుగా గెలాక్సీల మీద పనిచేసినాయన. ఉత్తర్వు రెండుసార్లు చదివారు. తనకు చిన్నప్పటి నుంచీ శుక్రగ్రహమంటే ఎంతో ఇష్టమని చెప్పి, కొత్త ప్రాజెక్టు రాసుకోవడానికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నుంచి టెలిస్కోపు చంద్రుణ్ణి చూడడం మొదలుపెట్టింది. టెలిస్కోపు నడిపేది దస్తగిరన్న. కోట్ల మైళ్ళ అవతల మిణుగురంత వెలుగును వెతికి పట్టుకోవడంలో ఆయనకు ఆయనే సాటి.

"ఎట్లప్పా ఇది? ఇంత లావు అద్దం పెట్టి సందమామను సూడమంటే లారీ తీస్కపోయి కొత్తిమీర కట్ట తెచ్చినట్టుండాది," అని గొణుక్కున్నాడు. చంద్రుడి వెలుగు మా కెమెరాకు మరీ ఎక్కువై తెర మొత్తం తెల్లగా వచ్చింది. దస్తగిరన్న కాసేపు ఆలోచించి, కిందికి వెళ్ళి గోనెపట్టాలు తెచ్చి, టెలిస్కోపు మూతికి కట్టాడు. అప్పుడు బాగా వచ్చింది.

మరునాడు పత్రికలకు ప్రకటన వెళ్ళింది. 'సంస్థ పరిశీలించే వస్తువుల జాప్యాన్ని కోట్ల సంవత్సరాల నుంచి ఒకటింబావు సెకనుకు తగ్గించడమైనది.' చంద్రుడి కాంతి మనకు చేరడానికి పట్టేది అంతే. మిగిలిన ఆ ఒకటింబావు సెకనును కూడా తగ్గించే మార్గాలు సూచించమని ముగ్గురితో ఒక కమిటీ వేశారు.

గుమ్మం దగ్గర బోర్డు మాత్రం తొమ్మిదులే చూపిస్తోంది. నా దరఖాస్తు ఇంకా బతికే ఉంది.

పదో రోజున పరాంకుశం గారు మళ్ళీ పిలిపించారు. "తమరు దరఖాస్తును స్వచ్ఛందంగా ఉపసంహరించుకోవచ్చును."

"ఉపసంహరించుకుంటే టెలిస్కోపు ఇస్తారాండి?"

"ఇవ్వబడదు."

"అయితే వద్దండి."

ఈ సంస్థలో ఐదేళ్ళలో నేను ఎవరికైనా వద్దని చెప్పడం అదే మొదటిసారి. పరాంకుశం గారు కూడా ఆశ్చర్యపోయి, ఆ మాటను తేదీ వేసి రాసుకున్నారు.

పదకొండో రోజున వేరే దేశం నుంచి ఎవరో రాశారు. ఆ చుక్క వెలుగు తగ్గడం ఆగిపోయిందట, మెల్లగా పెరుగుతోందట. వాళ్ళకు ఆ వెలుగును విడదీసే యంత్రం లేదు. మాకు ఉంది, గోనెపట్టా వెనకాల. ఇంకో మూడు నాలుగు రోజుల్లో వెలుగు పతాకస్థాయికి వస్తుంది. ఆ తర్వాత ఒక్కో రోజు గడిచేకొద్దీ మా అద్దానికి అందకుండా పోతుంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం సుంకులమ్మక్క దగ్గర కూర్చున్నాను. డబ్బాలోంచి జొన్నరొట్టె తీసి సగం విరిచి నాకిచ్చి, చెనక్కాయ పొడి వేసింది.

"అది సరే గానీ, ఆ సుక్కకేమైంది మ్మే? ఇన్ని దినాలుగా అందరూ ఎప్పుడైందనే అడుగుతాండారు. ఏమైందని ఎవురూ అడగనే లేదు."

"చచ్చిపోయిందక్కా."

అక్క నమలడం ఆపింది. "సచ్చిపోయిందా?"

"ఊఁ."

"మరి ముందే చెప్పొద్దా?"

"దరఖాస్తులో దానికి గడి లేదక్కా."

"నీ గడి గంగలో గల్ప! పార్టీ సచ్చిపోతే ఫైలు మూసేయొచ్చు మ్మే. రూలుండాది. మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి, 'పార్టీ మృతి చెందినందున ముగించడమైనది' అని రాస్తే అయిపాయె. దానికి జాప్యమూ లేదు, మన్నింపూ లేదు."

"ఆ పత్రం ఎవరిస్తారు?"

"రుజువుంటే మన పరాంకుశమయ్యే ఇస్తాడు. రుజువుండాదా నీతాన?"

నేను రొట్టె పక్కన పెట్టాను. "రుజువు ఒక్కటే అక్కా. వర్ణపటం. దానికి టెలిస్కోపు కావాలి."

అక్క చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి డైరెక్టర్ గారి గదికి నడిచింది.

ఉత్తర్వు అరగంటలో వచ్చింది. డైరెక్టర్ గారే స్వయంగా చెప్పి రాయించారట. 'సదరు నక్షత్రం మృతి చెందినదీ లేనిదీ నిర్ధారించు నిమిత్తం, తొంభై రోజుల నిబంధనను సడలిస్తూ, ఎల్లుండి సాయంత్రం ఒక గంటకు మించకుండా టెలిస్కోపును వినియోగించుటకు అనుమతించడమైనది. పంచనామాకు పరిపాలనాధికారి విధిగా హాజరు కావలెను.'

పద్నాలుగో రోజు సాయంత్రం ఏడింటికి పరాంకుశం గారు గుట్ట ఎక్కి వచ్చారు. మంకీ క్యాప్, గొడుగు, తెల్ల కాగితాలు, ఒక లక్క కడ్డీ. దస్తగిరన్న గోనెపట్టాలు విప్పి దులిపాడు. చంద్రుడు ఇంకా లేవలేదు. నక్షత్రమున్న వైపు మాత్రం మబ్బు పట్టింది.

"సమయం ఆరంభమైనది," అని పరాంకుశం గారు చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు.

"సారూ, మోడం పోనీండి సామీ, అప్పుడు మొదలుపెడదాం," అన్నాడు దస్తగిరన్న.

"ఉత్తర్వులో మబ్బు ప్రస్తావన లేదు."

ఇరవై నిమిషాలు మబ్బును చూశాం. నేను గోడకు ఆనుకుని, వెళ్ళు, వెళ్ళు అని లోపల అనుకుంటూ నిలబడ్డాను. మబ్బు పక్కకు జరిగింది. నలభై నిమిషాలు మిగిలాయి. ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు వెలుగు పట్టాం. మొదటిదాంట్లో ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. రెండోది వచ్చాక రెండూ కలిపి, ఆకాశపు వెలుగు తీసేసి, గీత గీయమని కంప్యూటర్‌కు చెప్పాను.

గీత ఎడమ నుంచి మెల్లగా వచ్చింది. కొంచెం దూరం వణుకుతూ నడిచి, పైకి లేచి, వెడల్పుగా ఒక మూపురమై, దిగి, ఇంకోసారి లేచింది. పుస్తకాల్లో ఐదేళ్ళుగా చూసిన ఆకారం అది. కూర్చోవాలనిపించి కూర్చున్నాను.

"నిజంగానే పోయిందా పాపా?" అన్నాడు దస్తగిరన్న.

"పోయిందన్నా."

"అబ్బ! దొరికిపాయె!" అని ఆయన చప్పట్లు కొట్టాడు.

"పంచనామా సమయంలో హర్షధ్వానాలు చేయరాదు," అన్నారు పరాంకుశం గారు. తెర దగ్గరికి వంగి, "ఇదేనా భౌతికకాయం?" అని అడిగారు.

"ఆనవాలండి."

"మరణ కారణం?"

"లోపల ఇంధనం అయిపోయింది. నడిమి భాగం తన బరువుకు తానే కూలిపోయింది. పైభాగం సెకనుకు ఇరవై వేల కిలోమీటర్ల వేగంతో చెదిరిపోయింది. ఈ మూపురాలు దానివే."

"వయసు?"

"అరవై లక్షల సంవత్సరాలు ఉండొచ్చండి."

"నిండు జీవితమే."

"కాదండి. నక్షత్రాల్లో అది చిన్న వయసు. బరువైనవి త్వరగా పోతాయి."

పరాంకుశం గారు మంకీ క్యాప్ తీసేశారు. కాసేపు అలాగే నిలబడి మళ్ళీ పెట్టుకున్నారు.

తర్వాత పని వేగంగా జరిగింది. వర్ణపటాన్ని ఒక డిస్కులోకి ఎక్కించమన్నారు. ఎక్కించాను. కంప్యూటర్లో ఉన్నది చెరిపేయమన్నారు.

"ఎందుకండీ?"

"ఫైలు ముగిసిన పిమ్మట రెండో ప్రతి మిగిలియుంటే అది పెండింగ్ కింద పరిగణించబడును."

నేను కదలలేదు. ఆయన ఉత్తర్వు చూపించారు. నాలుగో పేరాలో ఉంది. నేను మూడో పేరా దాకా చదివి సంతోషపడ్డాను. మీట ఆయనే నొక్కారు. డిస్కును కవరులో పెట్టి, లక్క కరిగించి ముద్ర వేసి, దస్తగిరన్న చేత సాక్షి సంతకం పెట్టించి, గుట్ట దిగి వెళ్ళిపోయారు. ఆ గీత నా కళ్ళ ముందు ఏడు నిమిషాలుంది.

మరునాడు బోర్డు మీద సున్నా వచ్చింది. ఇంకో రెండు రోజులకు తనిఖీ బృందం వచ్చింది, దండలు వేయించుకుంది, గోనెపట్టా కట్టిన టెలిస్కోపులో చంద్రుణ్ణి చూసి ముచ్చటపడింది, ధ్రువపత్రం ఇచ్చి వెళ్ళింది. ఈలోగా ఆకాశంలో ఆ చుక్క తగ్గుతూ తగ్గుతూ, డిసెంబరు మధ్యకు మా అద్దానికి అందకుండా పోయింది. ఇక మళ్ళీ తీద్దామన్నా లేదు. దూరం కొలిచిన పెద్ద టెలిస్కోపు వాళ్ళు మళ్ళీ దాని వైపు తిరగలేదు. భూమ్మీద దాని వర్ణపటం ఉన్నది ఒక్కచోటే. పరాంకుశం గారి బీరువాలో, రెండో అరలో.

నకలు ఇప్పించమని అర్జీ పెట్టాను. జవాబు వచ్చింది. 'మరణానికి సంబంధించిన పత్రాల నకళ్ళు మృతుల వారసులకు మాత్రమే ఇవ్వబడును.'

ఆ కాగితం పట్టుకుని సుంకులమ్మక్క దగ్గరికి వెళ్ళాను. నా మొహం చూసి ఆమె మాట్లాడకుండా కాగితం లాక్కుని చదివింది.

"దానికి ఎవురూ లేరా?"

"నాకు తెలిసి లేరక్కా."

"మా ఊర్లో ఎవురూ లేనోళ్ళు పోతే, ఆఖర్న దగ్గరుండి సూసుకున్నోళ్ళనే వారసులని పంచాయతీలో రాస్తారు. పోయినాక సూసినోళ్ళు ఎవురెవురు?"

"నేను, దస్తగిరన్న, పరాంకుశం గారు."

"ఆయప్పకు వద్దులే," అని అక్క తెల్ల కాగితం తీసింది. దస్తగిరన్నను కిందికి పిలిపించింది. మృతి చెందిన నక్షత్రం కోసం ఈ దరఖాస్తుదారు ఐదేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నదనీ, వేరెవరూ దాని మంచిచెడ్డలు విచారించలేదనీ అక్క రాసింది. దస్తగిరన్న చదివి, కింద తన వాక్యం ఒకటి చేర్చాడు. 'ఈ పాప దీనికోసరం సరిగ్గా అన్నం కూడా తినలేదని నాకు తెలుసును.' ఇద్దరూ సాక్షులుగా సంతకాలు పెట్టారు.

డిసెంబరు ఇరవై తొమ్మిదిన వారసత్వ దరఖాస్తుతో పరాంకుశం గారి ఎదుట కూర్చున్నాను. ఆయన ప్రతి గడి మీదా పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. సంబంధం అన్నచోట 'ఆప్తురాలు' అని ఉంది. దాన్ని దాటేశారు. చివరి గడి దగ్గర పెన్సిలు ఆగింది.

"దరఖాస్తుదారు కాక ఇతర వారసులు కలరా అన్నచోట 'ఒకరు కలరు' అని రాశారు. ఎవరు?"

రాయకుండా దాటేసి ఉండొచ్చు. గడి ఖాళీగా ఉంచితే ఆయనకు తెలిసేది కాదు. నా చెయ్యి ఒప్పుకోలేదు, ఏం చేయను?

"దాని నడిమి భాగమేనండి. కూలిపోయి కృష్ణబిలం అయ్యుంటుంది. అక్కడే ఉంది."

"అనగా ఇంట్లోనే ఉన్నారు."

"అవునండి."

"వారికి అభ్యంతరం లేదని పత్రం తేవలసియుండును."

"అక్కడి నుంచి ఏదీ బయటకు రాదండి. ఉత్తరం పంపితే లోపలికి పోతుంది, జవాబు రాదు."

"మనిషిని పంపితే?"

"మనిషీ లోపలికే."

పరాంకుశం గారు పెన్సిలు కింద పెట్టారు. "మృతుల ఆస్తి?"

"అందినంత అదే మింగేసిందండి. బయటపడి మన దాకా వచ్చింది ఆ కాస్త వెలుగే. నేను అడుగుతున్నది అదొక్కటే."

ఆయన కిటికీ వైపు తిరిగారు. అటు చూస్తూనే మాట్లాడారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"మా అన్న కూడా ఇంతేనమ్మా. నాయన పోయిన నెలకే తలుపేసుకున్యాడు. పదహారేండ్లైంది. ఉత్తరం రాస్తే జవాబు రాదు. నలుగురు పెద్దమనుషుల్ని పంపిస్తే, వాళ్ళూ లోపలికి పోయి కాఫీ తాగి ఆయన పక్కకే చేరిపోయిరి. నాకు దక్కింది మా నాయన కళ్ళజోడు ఒకటి. అదీ నేను తెచ్చుకున్యాను కాబట్టి."

ఆయన లేచి బీరువా తెరిచారు. రెండో అరలోంచి కవరు తీసి, లక్క పగలగొట్టి, ఇంకో డిస్కులోకి నకలు తీయించి, దాని మీద ముద్ర వేశారు. ముద్ర సరిగ్గా పడలేదని ఇంకోసారి వేశారు. నా చేతికిస్తూ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఇది ఇచ్చినారని ఊరుకోవద్దు తల్లీ. ఆ బిలం మీద దావా వెయ్యి. నేనొచ్చి సాక్ష్యం చెప్తాను."

అలాగేనండి అని చెప్పి, డిస్కు గుండెకు పెట్టుకుని గుట్ట ఎక్కాను. ఐదో అధ్యాయానికి రెండు రోజులుంది.